దానయ్య బాన పక్కన

కూడిక, దిగిన రోజు
గాలి తూర్పు నుంచి, మెత్తగా ఉంది. మబ్బు లేదు. వల లేదు.

మా కొండ మీద మబ్బులకు వల కడతాం. వలకు పట్టిన నీళ్లే ఊరికి తాగునీళ్లు. గాలి ఎటు, మబ్బు ఎంత అని రోజూ రాయడం వల కాపలావాడి పని. ఇక్కడ సముద్రం మీద కాపలా లేదు. అయినా చెయ్యి ఊరుకోవడం లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

నూకరత్నం వలలు అల్లడానికి మా కొండకు వచ్చిన మనిషి. సముద్రపు వాళ్లకు వల తెలిసినట్టు మాకు తెలియదు. నాకు మొదటి భార్య పోయింది. ఆమెకు మొదటి భర్త పోయాడు. ఒకే వలకు ఆ కొసన ఆమె, ఈ కొసన నేను కూర్చుని ముడులు వేసుకుంటూ వచ్చాం. నడిమికి వచ్చేసరికి పెళ్లయింది.

పెళ్లయ్యాక అత్తగారింటికి రావడం ఇదే మొదలు. తల నెరిసిన కొత్త అల్లుణ్ణి.

వీళ్ల ఇళ్లు నీళ్ల మీద తేలుతాయి. తుఫాను నెలలు పోయాక ఎక్కడెక్కడి ఇళ్లూ వచ్చి, మునిగిపోయిన సెల్ టవర్ల కొసలకు తాళ్లు వేసి, ఒకదానికొకటి కట్టుకుంటాయి. దాన్ని కూడిక అంటారు. పండుగలు, పెళ్లిచూపులు, తగవులు అన్నీ అప్పుడే. తర్వాత తాళ్లు విప్పి ఎవరి నీళ్లకు వాళ్లు పోతారు.

గాలి ఓడ దిగి, రేవులో పడవెక్కి, సాయంత్రం లోపల చేరాం. తోడల్లుడు సత్తిరాజు ఎదురొచ్చాడు. రత్నం చెల్లెలు మాణిక్యం భర్త. ఇక్కడ మగవాళ్లందరూ ఇల్లరికమే.

"రండి రండి అన్నగారూ! ఇన్నేళ్ల నుంచీ ఈ ఇంటికి అల్లుణ్ణి నేనొక్కణ్ణేనండి. అత్తగారి తిట్లన్నీ నాకే. ఇకనుంచీ సగం మీకు. ఆయ్!"

నవ్వాను. మోసుకొచ్చిన వేరుసెనగ మూట గుమ్మంలో దించాను.

గుమ్మం కిందికి పోయింది. లోపల ఏదో దొర్లింది. నా చెప్పుల మీదికి నీళ్లు వచ్చాయి.

"అమ్మోయ్! ఎవరది గుమ్మంలో బరువు పెట్టింది?" అని లోపలి నుంచి మాణిక్యం అరిచింది.

సత్తిరాజు మూటను నాలుగు భాగాలు చేసి, ఇంటి నాలుగు మూలల్లో పెట్టాడు. అప్పుడు ఇల్లు నిలబడింది.

కూడిక, మర్నాడు
గాలి అదే. దూరాన సన్నని మబ్బు. మా కొండ మీదైతే దాన్ని వదిలేవాళ్లం కాదు.

ఇంటి నడుమ ఒక స్తంభం ఉంది. దానికి రసమట్టం బిగించారు, గోడ కట్టే మేస్త్రీలు వాడే లాంటిదే. గాజు గొట్టంలో నీళ్లు, నీళ్లలో బుడగ. మాట్లాడుతున్నా, తింటున్నా, జడ వేసుకుంటున్నా, వీళ్ల కన్ను ఒకసారి బుడగ మీదికి పోయి వస్తుంది. ఇళ్లు నురుగు పలకలతో చేసినవి. చాలా తేలిక. మనిషి ఎక్కడ కూర్చుంటే ఇల్లు అక్కడికి వంగుతుంది. ఇదివరకు యంత్రం సరిచూసేదట. ఉప్పు తినేసింది. ఇప్పుడు మనుషులే చూసుకుంటారు.

అందుకే ప్రతి మనిషికీ ఒక చోటు ఉంటుంది. తూర్పున మాణిక్యం, పడమట సత్తిరాజు, ఉత్తరాన రత్నం. స్తంభం పక్కన, పొయ్యి దగ్గర, అందరికంటే పెద్దది మరిడమ్మ, మా అత్త. రత్నం కొండకు వచ్చేశాక ఆమె చోటులో ఉప్పు బస్తా పెట్టారట. మేం రాగానే దాన్ని పక్కింటికి పంపారు. వడ్డించేటప్పుడు కూడా ఇద్దరు లేస్తారు. ఒకరు ఇటు తిరిగితే ఒకరు అటు.

ఇవేవీ నాకు తెలియదు. మా వైపు కొత్తవాడు గుమ్మం దగ్గర కూర్చుంటాడు. పెద్దవాళ్లు వస్తే లేచి వెనక్కు జరుగుతాడు. అది మర్యాద.

మధ్యాహ్నం అన్నాల వేళ అత్త లోపలికి వచ్చింది. లేచి గోడకు జరిగాను. పులుసు గిన్నె నా వెంటే వచ్చింది.

"కూకోండి! కూకోండి!" అని ముగ్గురూ అరిచారు.

కూర్చోబోయి మళ్లీ వెనక్కు జరిగాను. చేపముక్కలు మాణిక్యం ఒళ్లో పడ్డాయి.

"ఏవండీ," అంది రత్నం మెల్లగా, "ఇక్కడ మర్యాద చెయ్యకండి. ఇల్లు ములుగుతాది."

సత్తిరాజు కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు. "కొండవారికి ఇంకో ముక్క వెయ్యండి" అంది. నా వంక చూడలేదు.

తిన్నాక దాహం వేసింది. అడగడానికి మొహమాటం. దక్షిణం వైపు కిటికీ పక్కన పెద్ద బాన ఉంది. మూతికి నీలం గుడ్డ కట్టి ఉంది. గుడ్డ విప్పి, చెంబు ముంచి నోట్లో పోసుకున్నాను.

ఉప్పు నీళ్లు.

దగ్గి, తల ఎత్తి చూస్తే ఇల్లంతా నన్నే చూస్తోంది. నవ్వులు ఆగిపోయాయి. మాణిక్యం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రత్నం లేచి వచ్చి నా చేతిలోని చెంబు తీసుకుంది. కిటికీలోంచి సముద్రం నీళ్లు ముంచి, నేను తాగినంతా బానలో మళ్లీ పోసింది. గుడ్డ కట్టింది.

అత్త స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.

తర్వాత వెనక వాకిట్లో రత్నం చెప్పింది. "అది ఆయన చోటండీ. దానయ్యది."

దానయ్య ఆమె మొదటి భర్త. పదేళ్ల కిందట తుఫానులో ఎవరిదో ఇల్లు తాడు తెంచుకుని కొట్టుకుపోతుంటే, తాడు అందివ్వడానికి దూకాడు. మళ్లీ కనబడలేదు. సముద్రంలో పోయి ఒడ్డుకు చేరని మనిషికి వీళ్లు ఇంట్లో చోటు తియ్యరు. ఆ మనిషి బరువుకు తూగేలా బాన పెట్టి సముద్రపు నీళ్లు నింపుతారు. ఎండకు తగ్గితే మళ్లీ పోస్తారు.

"తెలీక చేశాను," అన్నాను.

"తెలుసు," అంది రత్నం.

కూడిక, మూడో రోజు
గాలి దక్షిణానికి తిరిగింది, కాస్త చలి.

ఈ రోజు నాకు చోటు వెతికారు. పొయ్యి వెనక కూర్చోబెట్టారు. బుడగ తూర్పుకు పోయింది. మేకను కట్టేసే చోట కూర్చోబెట్టారు. మేక ఒప్పుకోలేదు. అటక మీద పడుకోమన్నారు. ఇల్లు ఊయల ఊగింది.

"అన్నగారు బక్కగానే ఉన్నారు. మరి ఎందుకండీ ఇంత కష్టం?" అన్నాడు సత్తిరాజు.

"ఇల్లు కట్టింది అయిదుగురికి," అంది మాణిక్యం. అని, నాలుక కరుచుకుంది.

అయిదో చోటు బానది. ఆ మాట ఎవరూ అనలేదు. అందరూ ఒకసారి బాన వంక చూసి, మళ్లీ నా వంక చూశారు.

చివరికి సత్తిరాజు ఒక దారి కనిపెట్టాడు. నేను దక్షిణం గోడకు, బానకు ఇవతల కూర్చోవాలి. అందుకు తూగేలా అత్త మంచం స్తంభం దగ్గర నుంచి తీసి ఉత్తరం కిటికీ కిందికి జరపాలి. జరిపారు. బుడగ నడిమికి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అత్త లేచింది. తలగడ తనే మోసుకుని వెళ్లింది.

కూడిక, నాలుగో రోజు
గాలి దక్షిణం నుంచే, చలి ఎక్కువైంది. తేమ గాలి.

అత్తకు దగ్గు. స్తంభం దగ్గర పొయ్యి వెచ్చన ఉండేది. కిటికీ కింద చల్లటి గాలి. కషాయం కాచారు. తాగింది. మళ్లీ దగ్గింది.

నేను ఇక్కడ కూర్చున్నందుకు ఆమె అక్కడ దగ్గుతోంది.

"నేను రేవుకాడ పండుకుంటా లే," అన్నాను రత్నంతో. "పగలొచ్చి పోతా."

రత్నానికి కోపం వచ్చింది. కోపం వస్తే ఆమె గొంతు తగ్గుతుంది.

"కూడిక ఆఖరు రోజు బుడగ చూసే మట్టం పెద్ద ఇంటింటికీ వస్తాడు. మీకు చోటు చూపిస్తే ఈ ఇంటి మనిషి. చూపించకపోతే చుట్టం. చుట్టం మళ్లీ ఏడాది నుంచి ఇంట్లోకి రాకూడదు, రేవులోనే ఉండాలి. అమ్మ ఇంకా ఎన్నేళ్లుంటాదో తెలీదు. ఏటా నేను లోపలా, మీరు రేవులోనా?"

నేను బాన వంక చూశాను.

"బాన తియ్యమని నేను అడగను," అంది. "మీరూ అడక్కండి. అమ్మ పెట్టింది. అమ్మే తియ్యాలి."

"అడగను," అన్నాను.

అడిగే ఆలోచన నిజంగా లేదు. చచ్చిపోయినవాణ్ణి లేపి వాడి చోట కూర్చునే మొహం నాకు లేదు. కానీ రత్నం ముఖం చూస్తే, ఆమె ఒక్కతే ఏటా పడవ దిగి ఈ గుమ్మం ఎక్కడం కళ్ల ముందు కనబడింది. అది కూడా బాగాలేదు.

సత్తిరాజు నన్ను పక్కకు పిలిచి, "నేనడుగుతానండి అత్తగార్ని. నాకు తిట్లు అలవాటే," అన్నాడు.

వద్దన్నాను. అయినా అడిగాడు. వెనక వాకిట్లోంచి అత్త గొంతు వినబడింది. "నీ చోటు సరిగ్గా ఉంది కదా? నోరు మూసుకుని దాంట్లో కూకో."

సత్తిరాజు తిరిగి వచ్చి, "సగం మీకు ఇద్దామనుకున్నాను. మొత్తం నాకే వచ్చేసిందండి" అన్నాడు.

కూడిక, అయిదో రోజు
గాలి తగ్గింది. తెల్లమబ్బు, నీళ్లు లేనిది.

అందరూ పక్క ఇంట్లో పెళ్లిచూపులకు పోయారు. వెళ్లేటప్పుడు వాళ్ల చోట్లలో నీళ్ల కుండలు పెట్టారు. ఇంట్లో అత్త, నేను. ఆమె మంచం కింద చిరిగిన వల ఉంటే లాగి పట్టుకున్నాను. ఆమె రెండో కొస అందుకుంది. ఇద్దరం ముడులు వేస్తూ కూర్చున్నాం. వల పట్టుకుంటే నాకు మొహమాటం ఉండదు.

ఆమె ముడి చిన్నది, గట్టిది. రత్నం ముడి కూడా ఇదే.

చాలాసేపటికి అడిగాను. "ఆయప్ప ఎట్లాంటోడత్తా?"

"ఎవరు?"

"దానయ్య."

ఆమె చెయ్యి ఆగింది. తప్పు చేశాననుకున్నాను. లేచి పోదామనుకుని, లేస్తే ఇల్లు వంగుతుందని కూర్చున్నాను.

"వాడా," అంది. "బండోడు. మా తమ్ముడి కొడుకు. తల్లి లేదు. నా చేతి ముద్దే తిన్నాడు. ఎంత తినేవాడనుకున్నారూ? కుండ దింపితే కుండ ఖాళీ. వాడు లేస్తే ఇల్లు ఎగిరేది, కూకుంటే దిగేది. పక్కిళ్లోళ్లు తిట్టేవారు, మీ దానిగాడు తుమ్మితే మా పాలు ఒలికిపోతన్నాయని."

ముడి వేసింది. విప్పింది.

"ఉరుమంటే భయం వాడికి. అంత మనిషీ ఇదిగో, ఈ మంచం కింద దూరేవాడు. కాళ్లు బయటికే ఉండేవి. పాట పాడితే మేక కూడా లేచిపోయేది. కానీ పాడేవాడు. రత్తమ్మ వద్దంటే ఇంకా పాడేవాడు."

చెబుతూనే ఉంది. నేను ముడులు వేస్తూనే ఉన్నాను. ఆఖరున తుఫాను రోజు దగ్గరికి వచ్చింది. "ఉరుములురా, పోకురా అన్నాను. తాడిచ్చి వచ్చేస్తానత్తా అన్నాడు. ఉరుముతుంటేనే పోయాడు." అక్కడ ఆగింది. ఏడ్చింది. కొంగుతో ముక్కు చీదింది. నేను వల కొస పట్టుకునే ఉన్నాను, వదల్లేదు.

"ఇన్నేళ్లలో నా ముందు వాడి పేరు ఎవరూ ఎత్తలేదు," అంది. "ఎత్తితే ఏడుస్తానంట. ఏడవనివ్వకపోతే ఎలాగయ్యా? బాన నింపుతారు, గుడ్డ మారుస్తారు, నోరు మాత్రం విప్పరు. వాడు బానా? మనిషి కదా?"

"మనిషే," అన్నాను.

"నువ్వు మాట్లాడవా?" అని అడిగింది.

"వింటాండా అత్తా."

"బాగా వింటావు," అంది. మళ్లీ ముడి వేసింది.

అప్పుడు చూశాను. దిగిన రోజు నుంచి నన్ను మీరు అంటున్న మనిషి, నువ్వు అంది.

కూడిక, ఆఖరు రోజు
గాలి లేదు. మబ్బు లేదు. సముద్రం పలకలా ఉంది.

ఉదయం మట్టం పెద్ద వచ్చాడు. ముసలాయన, కచ్చ బిగించి కట్టాడు. ఏ ఇంట్లోకి వచ్చినా స్తంభానికి ఆనుకునే నిలబడతాడట, తన బరువు లెక్కలోకి రాకుండా. బుడగ చూశాడు. అత్త మంచం కిటికీ కింద ఉండడం చూసి మొహం చిట్లించాడు.

"పెద్దావిడ మంచం అక్కడేంటి? కొత్త మనిషి చోటు ఏది?"

మాణిక్యం గోళ్లు చూసుకుంది. రత్నం నన్ను చూడలేదు, వాళ్లమ్మను చూడలేదు, నేలను చూసింది.

నేను లేవకుండానే చెప్పాను. నా జన్మలో అంత పొడుగు మాట నలుగురిలో ఎప్పుడూ చెప్పలేదు.

"నాకు చోటొద్దు. బాన ఉండనీండి. అత్త మంచం పొయ్యికాడికి జరపండి. నేను రేవుకాడ ఉంటా. ఏటా వస్తా. రత్నాన్ని తోడుకొనొచ్చి, తోడుకొని పోతా. అంతే."

రత్నం కళ్లు నిండాయి. మట్టం పెద్ద అత్త వైపు తిరిగాడు.

"చుట్టం అని రాసుకోనా మరిడమ్మా?"

"ఆగు," అంది అత్త. నా వైపు తిరిగింది. "చోటు వద్దనడానికి నువ్వెవరివయ్యా? ఇల్లు నీదా?"

"కాదత్తా."

"మరి నోరు మూసుకుని ఇలా వచ్చి స్తంభం పక్కన కూకో."

సత్తిరాజు నా చెవిలో, "మీ సగం మొదలైందండి," అన్నాడు.

స్తంభం పక్కన కూర్చున్నాను. అత్త లేచి బాన దగ్గరికి నడిచింది. ఆమె దక్షిణానికి నడిస్తే మాణిక్యం ఎవరూ చెప్పకుండానే ఉత్తరం గోడకు జరిగి, అక్క పక్కన కూర్చుంది. అత్త నీలం గుడ్డ విప్పి, మడత పెట్టి, నడుములో దోపుకుంది.

మట్టం పెద్ద, "వొంపెయ్యమంటావా? సత్తిరాజూ, ఓ చెయ్యి వెయ్యి," అన్నాడు.

"ఒక్కసారిగా వొంపను," అంది అత్త. "చెంబుతో తీస్తాను."

"అది పద్ధతి కాదు కదా."

"పద్ధతి పెట్టింది మా అమ్మ. మార్చేది నేను. నువ్వు బుడగ చూడు."

చెంబు ముంచింది. కిటికీలోంచి చెయ్యి చాపి సముద్రంలో పోసింది. బుడగ కదిలింది.

"కొత్త మనిషీ, జానెడు ఇటు," అన్నాడు మట్టం పెద్ద.

కూర్చున్న చోటు నుంచి బాన వైపు జానెడు జరిగాను. బుడగ నడిమికి వచ్చింది.

ఇంకో చెంబు. ఇంకో జానెడు. ప్రతి చెంబుకూ ఆమె ఏదో అంటోంది. మొదట వినబడలేదు. దగ్గరికి జరిగేకొద్దీ వినబడింది. "ఇది నువ్వు తిన్న పెరుగన్నం... ఇది నువ్వు విరగ్గొట్టిన మంచం కోడు... ఇది నీ పాటరా..." అంటూ పోస్తోంది. ఏడుపు లేదు. చంటివాడికి నీళ్లు పోసేటప్పుడు మాట్లాడతారే, అలాగ. మధ్యలో రత్నం, "అమ్మా, ఇది ఆయన గురక," అంది తన చోటు నుంచే. అత్త నవ్వి, ఆ చెంబు కాస్త పెద్దదిగా ముంచింది.

నేను మోకాళ్ల మీద జరుగుతున్నాను. మేక నన్నే చూస్తోంది. సిగ్గేసింది. అయినా జరిగాను.

చివరికి నా భుజం బానకు తగిలింది. ఇంక జరగడానికి గోడే. అత్త తన చోటుకు, మాణిక్యం తన చోటుకు వెళ్లారు. అత్త మంచం తెచ్చి పొయ్యి పక్కన వేశారు. అందరూ స్తంభం వంక చూశారు.

బుడగ సరిగ్గా నడుమ నిలిచింది.

సత్తిరాజు నా భుజం మీదుగా బానలోకి తొంగి చూశాడు. "ఇంకా నీళ్లున్నాయండి. అడుగున మోకాలెత్తు."

మట్టం పెద్ద గడ్డం గోక్కున్నాడు. "దానయ్య భారీ మనిషి. ఈయన బక్కాయన. ఆ తేడా మిగిలిపోయింది. అది తీస్తే ఇల్లు వంగుద్ది."

అందరూ అత్త వంక చూశారు.

"వంగడం ఎందుకు? ఉండనీ," అంది. "ఇద్దరూ సర్దుకుంటారు."

నడుములోని నీలం గుడ్డ తీసి ఇచ్చింది. చేతులు మారి నా దాకా వచ్చింది. బాన మూతికి నేనే కట్టాను. వల ముడి వేశాను.

మట్టం పెద్ద స్తంభం మీద దక్షిణం వైపు కత్తితో గీత పెట్టాడు. పేరు అడిగాడు. "ఓబులేసు," అన్నాను. అక్కడున్న దానయ్య పేరు కొట్టెయ్యకుండా దాని కిందే చెక్కాడు.

మధ్యాహ్నం అన్నాలు. రొయ్యల కూర, నాచు పచ్చడి. పచ్చడిలోకి మా వేరుసెనగలు నూరారు. రత్నం ఎదురుగా తన చోటులో ఉంది. తల వంచుకుని తింటోంది, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. మాణిక్యం, సత్తిరాజు వడ్డిస్తూ చెరో వైపు తిరుగుతున్నారు. పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చుని, అత్త గరిటె చాపింది.

"దానిగాడి పక్కన కూకున్నావు. వాడిలా తిను. నీకు ఒళ్లొస్తే ఆ మిగిలిన నీళ్లు కూడా తీసేద్దాం. ఇంకో రెండు ముద్దలు పెట్టించుకో."

చల్లటి బాన భుజానికి తగులుతూ ఉంది. ఆకలి ఇంకా ఉంది. రొయ్యలు బాగున్నాయి.

"చాలత్తా. కడుపు నిండింది," అన్నాను.